కాలిక్యులేటర్ల వేగం కొలవబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నెల్లూరులో మీ కళాశాల గణిత సంఘం సభలో టీఐ-83 ప్లస్, హెచ్‌పీ 50జీ అనే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్లను పోల్చి ఏది మేలో నువ్వే చెప్పబోతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పినప్పుడు చాలా గర్వపడ్డాను. ఆ వెంటనే దిగులూ పట్టుకుంది, ఎందుకంటే వేదిక మీద చెప్పిన అంకెను వినేవారు మళ్ళీ సరిచూడరు.

రెండింటిలోనూ కొత్త బ్యాటరీలు వెయ్యి. కోణాలను రేడియన్లలోనే ఉంచి, ఒకే సమీకరణాన్ని ఒకే హద్దులతో ఇవ్వు.

ప్రాసెసర్ వేగం మొదటిదానిది 6 మెగాహెర్ట్జ్, రెండవదానిది 75 మెగాహెర్ట్జ్ కాబట్టి పన్నెండున్నర రెట్లు వేగమని మాత్రం రాయకు. 50జీలోని ఏఆర్ఎం ప్రాసెసర్ హెచ్‌పీ పాత కాలిక్యులేటర్లలోని సాటర్న్ ప్రాసెసర్‌ను అనుకరిస్తూ పనిచేస్తుంది గనుక దాని శక్తిలో కొంత ఆ అనుకరణకే పోతుంది. పైగా 83 ప్లస్ తెరపై అడ్డంగా 95 బిందువుల గ్రాఫు పడితే, 50జీ తెర వెడల్పు 131 బిందువులు, అంటే అది ఎక్కువ బిందువులను లెక్కకట్టాలి.

ఒంగోలులో నాతో పనిచేసిన ఒక యువ అధ్యాపకుడు ఇక్కడే పొరబడ్డాడు. సున్నా నుంచి 2π వరకు సైన్ 95ఎక్స్ గీయమంటే 83 ప్లస్ ఒకే ఒక్క నున్నటి అలను గీసింది, మరో యంత్రం దట్టమైన చిక్కును గీసింది. మొదటిది వేగమైనదీ, శుభ్రమైనదీ అని అతను తరగతిలో తీర్పు చెప్పేశాడు. నిజానికి అక్కడ 95 అలలు ఉండాలి. యంత్రం విలువ లెక్కకట్టేది తెర మీది ఆ 95 బిందువుల దగ్గరే, వాటి మధ్య ఉన్నవి 94 అడుగులే. ఒక్కో అడుగుకు సైన్ 95ఎక్స్ ఒక పూర్తి చుట్టు తిరిగి, ఆపైన సైన్ ఎక్స్ కదిలినంతే కదులుతుంది కాబట్టి తెర మీద రెండూ ఒకటిగానే కనబడతాయి. ఆ పిల్లలు ఆ తప్పు బొమ్మనే నోటు పుస్తకాల్లో దించుకున్నారు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

నీకూ తొందర ఎక్కువ. చిన్నప్పుడు పదిహేనో ఎక్కం గడగడా అప్పజెబుతూ ఏడు పదిహేన్లు ఎప్పుడూ దాటేసేదానివి. ఆపి అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకునేదానివి, మళ్ళీ మొదటినుంచి చెప్పేదానివి. ఆ ఓపిక నీలో ఉందని నాకు తెలుసు తల్లీ.

వేగంతోపాటు సామర్థ్యమూ చెప్పు. 50జీ అవకలజాన్ని (డెరివేటివ్‌ను) సూత్రంగానే ఇస్తుంది, 83 ప్లస్ ఒక బిందువు వద్ద విలువ మాత్రమే ఇస్తుంది. జేఈఈ, ఈఏపీసెట్ పరీక్షలకు ఏ కాలిక్యులేటరూ అనుమతించరనీ, గేట్‌లో తెర మీద ఇచ్చినదే వాడాలనీ తప్పక చెప్పు. లేకపోతే కందుకూరు, కావలి వైపు తల్లిదండ్రులు నీ మాట విని అనవసరంగా డబ్బు పోస్తారు.

ప్రతి కొలతనూ మూడుసార్లు తీసి, గీసిన బొమ్మల ఫొటోలతో సహా పట్టికను సభకు ముందే నాకు పంపు.

నీ మామయ్య