పదిహేడేళ్ల కుర్రాడు ఏ కాలేజీకి సంతకం పెడతాడోనని ఇంత టెన్షన్ ఎందుకు?

మీ ప్రశ్న చదవగానే నా పాత రోజులు గుర్తొచ్చాయి. డాలస్‌కి కొత్తగా వచ్చారు. మీ టీమ్‌లో ఒకాయన టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో చదివినవాడు. వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో చేరతానన్న హైస్కూల్ కుర్రాడెవరో డీకమిట్ అయ్యాడని, అంటే మాటిచ్చి వెనక్కి తగ్గాడని, తెలిసిన రోజు ఆయన మధ్యాహ్నం భోజనం కూడా సరిగ్గా చేయలేదన్నారు. మ్యాచ్ లేదు, ఓటమి లేదు, ఆ కుర్రాడు ఇంకా కాలేజీలో అడుగే పెట్టలేదు, మరి అంత బాధ దేనికి, నేనూ ఫాలో అవ్వాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఎంఎస్ చేసింది ఏ అండ్ ఎంలోనే, 2013 నుంచి 2015 దాకా. అప్పటి నుంచి ఈ రిక్రూటింగ్‌ని, అంటే కాలేజీలు హైస్కూల్ ఆటగాళ్లను చేర్చుకునే తంతుని, వదలకుండా చూస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. 2007లో నేను పదో తరగతి పరీక్షలు రాయకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికి రావడం మొదలుపెట్టారు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, నాన్నతో మాట్లాడేవారు. ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ, ఐఐటీ బ్యాచ్‌లో సీటు. ఒకాయనైతే మా చెల్లికి కూడా తర్వాత సీటిస్తామన్నాడు. నాన్న ఒక కాలేజీకి మాటిచ్చాడు. రిజల్ట్స్ వచ్చాక ఇంకో కాలేజీ వాళ్లు ఇంకా మంచి మాట చెప్పారు, నాన్న అటు మొగ్గాడు. ఆ మొదటి పీఆర్వో ఫోన్ చేసి, నాన్న లేడని తెలిసి, నాతోనే మాట్లాడాడు. నీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాం, ఇలా చేస్తావా అన్నాడు. నాకప్పుడు పదిహేనేళ్లు. ఫోన్ పెట్టేశాక చేతులు వణికాయి. డీకమిట్ అనే మాట నాకు ఆరేళ్ల తర్వాత టెక్సస్‌లో తెలిసింది కానీ, ఆ పని మా ఇంట్లో ఎప్పుడో జరిగిపోయింది.

కాలేజ్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్ట్ ఉండదు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో అయితే కిందటేడు బాగా ఓడిన జట్టుకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే వంతు వస్తుంది. ఇక్కడ ఎవరికీ అలాంటి సాయం దొరకదు. కుర్రాడు తనకు నచ్చిన చోటికి వెళ్తాడు. కాబట్టి కోటి డాలర్ల జీతం తీసుకునే కోచ్ కూడా ఆ ఇంటికెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మ వండింది తిని ఒప్పించాల్సిందే. ఏటా ఇరవై, ఇరవై అయిదు మందిని తీసుకుంటారు. మూడేళ్లకు వాళ్లే జట్టు అవుతారు. మీ ఆఫీసాయన బాధపడింది ఈ రోజు గురించి కాదు. మూడేళ్ల తర్వాత ఒక శనివారం సాయంత్రం కైల్ ఫీల్డ్‌లో ఆ కుర్రాడు ఎలా ఆడతాడో ఆయన అప్పటికే ఊహించుకుని ఉంటాడు. లక్షమందికి పైగా పట్టే మా యూనివర్సిటీ స్టేడియం అది. ఆ ఊహ ఒక్క ట్వీట్‌తో పోయింది.

హైస్కూల్ కుర్రాళ్ల సత్తాను బట్టి అయిదు దాకా స్టార్లు ఇచ్చేది 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటి సైట్లు. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 మందిని తీసుకుంటారు కాబట్టి 247స్పోర్ట్స్ వాళ్లు ఫైవ్ స్టార్లను కూడా దాదాపు అంతమందికే ఇస్తారు. వీటిని కొట్టిపారేయలేం. 2011 నుంచి 2024 సీజన్ దాకా జాతీయ చాంపియన్ అయిన ప్రతి జట్టూ అంతకు ముందు నాలుగేళ్లలో తీసుకున్న కుర్రాళ్లలో సగానికి పైగా ఫోర్ స్టార్, ఫైవ్ స్టార్ వాళ్లే.

అయితే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది త్రీ స్టార్ కుర్రాళ్లు. నేను ఏ అండ్ ఎం ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్‌లో దిగిన నెలకి, 2013 సెప్టెంబర్ 14న, అలబామాతో మ్యాచ్. ఏ అండ్ ఎంలో విద్యార్థులు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు. 1922లో జట్టులో గాయాలు ఎక్కువైతే ప్రేక్షకుల్లోంచి దిగి యూనిఫాం వేసుకుని పక్కన నిలబడిన ఒక విద్యార్థి గుర్తుగా, అవసరమైతే మేమూ దిగుతామన్నట్టు నిలబడతారు. రూల్స్ ఒక్కటీ తెలియకుండా నేను కూడా ఆ ఎండలో మ్యాచ్ అయ్యేదాకా నిలబడ్డాను. జానీ మాంజియెల్ బంతి విసురుతుంటే మైక్ ఎవన్స్ పట్టాడు, ఒక్క మ్యాచ్‌లో 279 గజాలు. ఓడిపోయాం, 49-42. ఇద్దరూ హైస్కూల్లో త్రీ స్టార్లేనని, ఎవన్స్ హైస్కూల్లో ఎక్కువగా ఆడింది బాస్కెట్‌బాలేనని ల్యాబ్‌లో నా పక్క సీటు అబ్బాయి చెప్పాడు. వాళ్లలో అది చూసిన కోచ్ ఎవరు, ఎలా కనిపెట్టాడు అన్న కుతూహలంతోనే రిక్రూటింగ్ చదవడం మొదలుపెట్టాను.

కైలర్ ముర్రే విషయం నేను దగ్గరగా చూసిన మొదటి టెన్షన్. డాలస్ పక్కనే ఉన్న అలెన్ హైస్కూల్, 42 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడని క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపేవాడు), ఫైవ్ స్టార్. వాళ్ల నాన్న కెవిన్ ముర్రే 1980ల్లో ఏ అండ్ ఎంకే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఇక కుర్రాడు ఎక్కడికి పోతాడులే అనుకున్నారు అందరూ. తీరా 2015 జనవరిలో అతను ఆస్టిన్‌కి, అంటే మా బద్ధ శత్రువులైన యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ దగ్గరికి, విజిట్‌కి వెళ్లాడు. క్యాంపస్‌లో వేరే కబురు లేదు. చివరికి ఏ అండ్ ఎంకే వస్తానని చెప్పాడు. అయినా కాగితం చేతికొచ్చేదాకా ఎవరికీ నమ్మకం లేదు. ఫిబ్రవరి 4 బుధవారం పొద్దున ల్యాబ్‌లో సిమ్యులేషన్ నడుస్తోంది. పక్క సీటు అబ్బాయి స్క్రీన్ వైపు చూడటమే లేదు, ఫోన్ మీద బొటనవేలు పైకీ కిందకీ లాగుతూనే ఉన్నాడు. సంతకం అందిందని వార్త రాగానే కుర్చీలోంచి లేచి నన్ను కావలించుకున్నాడు. టెక్సస్‌లో చిన్న ఊరి నుంచి వచ్చినవాడు. వాళ్ల తాత, నాన్న ఇద్దరూ ఆగీలే, అంటే ఏ అండ్ ఎంలో చదివినవాళ్లే. ఆ పొద్దున అతని కళ్లలో నీళ్లు చూశాక, ఇది వినోదం కోసం చూసే వ్యవహారం కాదని నాకు అర్థమైంది.

ఆ డిసెంబర్‌లోనే కైలర్ వెళ్లిపోయాడు. దానికి కొద్ది రోజుల ముందు ఇంకో క్వార్టర్‌బ్యాక్ కైల్ అలెన్ కూడా వెళ్లిపోయాడు. కైలర్ ఓక్లహోమాలో చేరి 2018లో, కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. నేను అప్పటికి డాలస్‌లో ఉద్యోగంలో ఉన్నాను. అతను ట్రోఫీ పట్టుకున్న ఫొటో చూసి కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఇంటర్‌లో మొదటి కాలేజీ హాస్టల్లో ఇమడలేక మధ్యలో మానేసి, ఊళ్లో మామూలు కాలేజీలో చేరి మంచి ర్యాంకు తెచ్చుకున్న స్నేహితుడు నాకొకడు ఉన్నాడు. వాడే గుర్తొచ్చాడు.

2022 మాత్రం నిజంగా దెబ్బ కొట్టింది. జింబో ఫిషర్ కోచ్‌గా ఉన్న ఆ ఏడాది మాకు దేశంలోనే నంబర్ వన్ క్లాస్, అంటే ఆ ఏడాది కొత్తగా చేరే కుర్రాళ్ల బృందం, వచ్చింది. 247స్పోర్ట్స్ లెక్కల్లో అప్పటిదాకా అంత రేటింగ్ ఏ క్లాస్‌కీ రాలేదు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్న ఎన్ఐఎల్ పద్ధతి వచ్చింది కాబట్టి, మేం కుర్రాళ్లను కొన్నామని అలబామా కోచ్ నిక్ సేబన్ బహిరంగంగా అన్నాడు. ఫిషర్ మర్నాడే ప్రెస్ ముందుకొచ్చి గట్టిగా ఖండించాడు. మేమంతా ఆ క్లాస్ ఫొటోలు పెట్టుకుని సంబరపడ్డాం. సెప్టెంబర్‌లో నేనూ మా ఆవిడా మూడు గంటలు డ్రైవ్ చేసుకుని అపలాచియన్ స్టేట్ మ్యాచ్‌కి వెళ్లాం, 17-14తో ఓడిపోయాం. స్టేడియం నుంచి పార్కింగ్ దాకా అంతమంది జనంలో ఒక్కరూ మాట్లాడలేదు. సీజన్ అయిదు గెలుపులు, ఏడు ఓటములతో ముగిసింది. ఆ క్లాస్‌లో చాలామంది ఒకటి రెండేళ్లలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా) ఎక్కారు. వాల్టర్ నోలన్ ఓలె మిస్‌కి, ఎవన్ స్టూవర్ట్ ఒరెగన్‌కి వెళ్లారు. 2023 నవంబర్‌లో ఫిషర్‌ని తీసేసినందుకు ఆయనకు చెల్లించాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. అప్పటి నుంచి నేను క్లాస్ ర్యాంకు చూసి సంబరపడటం మానేశాను. ఆ కుర్రాళ్లకు రెండో ఏట నేర్పేవాళ్లు ఎవరున్నారు, వాళ్ల పొజిషన్ కోచ్ ఎన్నేళ్లుగా ఉన్నాడు అని చూస్తాను. కోచ్‌గా మైక్ ఎల్కో వచ్చాక 2025లో వరసగా 11 మ్యాచ్‌లు గెలిచి, జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి మొదటిసారి వెళ్లాం. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ ముందు ఓలె మిస్‌కి కమిట్ అయి, తర్వాత మావైపు వచ్చినవాడే. మనవైపు వస్తే పండగ చేసుకుని, మన నుంచి వెళ్తే ద్రోహి అనడం సరికాదు.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినండి. రెండేళ్ల క్రితం మా ఇంటికి దగ్గర్లో హైస్కూల్ మ్యాచ్‌కి వెళ్లాను. మా పక్కింటి తెలుగువాళ్ల అమ్మాయి బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. వాళ్లమ్మ తినుబండారాల కౌంటర్‌లో వాలంటీర్‌గా నిలబడింది, సాయానికి నేనూ వెళ్లాను. అక్కడే నాచోస్ మీద చీజ్ పోస్తున్న ఒకావిడ కొడుకు ఆ జట్టులో డిఫెన్సివ్ లైన్ ఆడతాడు. వారం క్రితమే ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి డీకమిట్ అయ్యాడట. ఆవిడ ఫోన్ కౌంటర్ మీద పెట్టి ఉంది, అస్తమానం వెలుగుతోంది. ఏమిటని అడిగితే తిప్పి చూపించింది. కొడుకు అకౌంట్‌కి వచ్చే మెసేజ్‌లు. పెద్దవాళ్లు, ఆ యూనివర్సిటీ టోపీలు పెట్టుకుని పిల్లలతో దిగిన ఫొటోలు ప్రొఫైల్‌లో ఉన్నవాళ్లు, పదిహేడేళ్ల పిల్లాడిని కాలు విరగాలని తిడుతున్నారు. వాడికి యాప్ తీసేయించి, పాస్‌వర్డ్ నా దగ్గరే పెట్టుకున్నాను, వాడి బదులు నేనే చదువుతున్నాను అంది. చెప్తూనే చీజ్ పోసింది, లైన్లో ఉన్న పిల్లాడికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. నాకు ఆ పీఆర్వో ఫోన్ గుర్తొచ్చి నోట మాట రాలేదు.

కాబట్టి మీరు ఫాలో అవ్వండి, తప్పకుండా అవ్వండి, కానీ ఏ కుర్రాడికీ ఒక్క మెసేజ్ కూడా పెట్టకండి. మా జట్టుకి రా తమ్ముడూ అనే మంచి మాట కూడా వద్దు. యూనివర్సిటీల్లో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసులు ఫ్యాన్లను కోరేది కూడా ఇదే.

మొదలుపెట్టేవాళ్లకు స్టార్ల కంటే ఆఫర్ల జాబితా ఎక్కువ చెబుతుంది. త్రీ స్టార్ కుర్రాడికి జార్జియా, ఒహాయో స్టేట్ ఆఫర్ ఇచ్చాయంటే ఆ కోచ్‌లు సైట్ల కంటే ముందు ఏదో చూశారన్నమాట. క్వార్టర్‌బ్యాక్ వార్తలే ఎప్పుడూ పైన కనిపిస్తాయి కానీ, దాడిలోనూ డిఫెన్స్‌లోనూ ముందు వరసలో ఢీకొనే లైన్‌మన్లు ఎవరొస్తున్నారో చూడండి, నవంబర్ మ్యాచ్‌లు వాళ్లే గెలిపిస్తారు. జూన్‌లో అఫీషియల్ విజిట్లు, అంటే కుర్రాళ్లు యూనివర్సిటీల ఖర్చుతో క్యాంపస్ చూసిరావడం, జరుగుతాయి. ఎవరు ఎవరి దగ్గరికి చివరగా వెళ్తున్నారన్నది గమనించండి. సైట్లలో క్రిస్టల్ బాల్ పేరుతో జోస్యాలు ఉంటాయి, వాటిని నమ్ముకుని నిద్ర పాడుచేసుకోవద్దు. సంతకాల రోజు ఇప్పుడు డిసెంబర్ మొదట్లోనే, ఫిబ్రవరిది పేరుకే మిగిలింది. జనవరిలో పోర్టల్ తెరుచుకుంటుంది. హైస్కూల్ కుర్రాడి కోసం రెండేళ్లు తిరిగిన కోచ్ ఇప్పుడు అదే చోటికి వేరే కాలేజీ నుంచి ఇరవై రెండేళ్లవాడిని రెండు వారాల్లో తెచ్చుకోగలడు. నాకు ఇది నచ్చదు. కుర్రాళ్లకు డబ్బు రావడం మాత్రం న్యాయమేనంటాను. 2025 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి దాదాపు రెండు కోట్ల డాలర్లు. లక్షమంది టికెట్లు కొని చూసే ఆటలో ఆడే పిల్లల అమ్మానాన్నలకు కాస్త తెరిపి దొరకాలి.

వీటన్నిటికంటే ముందు ఒక శుక్రవారం రాత్రి మీ దగ్గర్లోని హైస్కూల్ మ్యాచ్‌కి వెళ్లండి. ఫ్రిస్కో వైపు ఉంటే ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే డాలస్ కౌబాయ్స్ జట్టు ప్రాక్టీస్ చేసే ఫోర్డ్ సెంటర్‌లోనే స్కూల్ మ్యాచ్‌లు జరుగుతాయి. మీ ఆఫీసాయన్ని కూడా రమ్మనండి, ఆనందంగా వస్తాడు. ఫలానా నంబర్ వేసుకున్నవాడిని చూడు అని చెప్తాడు. మ్యాచ్ అయ్యాక వెంటనే కారెక్కకుండా కాసేపు కంచె దగ్గర ఆగండి. ఆ నంబర్ కుర్రాడు హెల్మెట్ చేత్తో పట్టుకుని, చెమటతోనే వచ్చి, ఇంట్లో తినడానికి ఏముందని వాళ్లమ్మని అడుగుతాడు.