కారవాన్‌తో ఫ్రాన్స్‌కి: ఏ ఫెర్రీ ఎక్కితే గిట్టుబాటు?

బ్రిటన్‌లో ఉంటున్న మన పాఠకుల నుంచి ఈసారి కారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, పడుకోడానికీ వండుకోడానికీ వీలున్న బండి) ప్రశ్నలే ఎక్కువ వచ్చాయి. దాదాపు అందరూ స్కూలు సెలవుల్లో ఫ్రాన్స్ వెళ్లాలనుకుంటున్నవాళ్లే. మొదటి ఉత్తరంలోని సందేహం చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి కాస్త పొడుగ్గా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మేం మాంచెస్టర్ దగ్గర ఉంటాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. ఈమధ్యే సెకండ్ హ్యాండ్ కారవాన్ కొన్నాం. ఆగస్టులో ఫ్రాన్స్ పడమటి తీరంలోని లా రొషెల్ దగ్గర సముద్రం ఒడ్డున రెండు వారాలు ఉండాలని ప్లాన్. సముద్రం దాటడానికి డోవర్ నుంచి ఫ్రాన్స్‌లోని కాలేకి ఫెర్రీ (బండ్లతో సహా ఎక్కించుకునే ఓడ) టికెట్ చవగ్గా కనిపిస్తోంది, పోర్ట్స్‌మత్ నుంచి కాన్‌ (Caen)కి అయితే దానికి రెట్టింపు పైనే చూపిస్తోంది. డోవర్ టికెట్టే తీసేసుకుందాం అంటున్నారు మా ఆయన. తీసుకోమంటారా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఆగండమ్మా, ఇంకా డబ్బు కట్టకండి. టికెట్ రేటు పక్కన పెట్టి, ఇంటి గుమ్మం దగ్గర బయల్దేరినప్పటి నుంచి క్యాంప్‌సైట్‌లో కారవాన్ నిలబెట్టేదాకా అయ్యే ఖర్చంతా ఒక కాగితం మీద వేసుకోండి. డోవర్-కాలే చవగ్గా దొరకడానికి కారణం ఉంది. అక్కడ సముద్రం సన్నగా ఉంటుంది, గంటన్నరలో దాటేస్తారు, రెండుమూడు ఓడల కంపెనీలు పోటీ పడుతుంటాయి, పక్కనే ఫోక్‌స్టన్ నుంచి సముద్రం కింద టన్నెల్‌లో బండ్లని దాటించే రైలు కూడా ఉంది. పోర్ట్స్‌మత్-కాన్ దారిలో నడిపేది బ్రిటనీ ఫెర్రీస్ ఒక్కటే, ప్రయాణం ఆరు గంటలకు పైమాటే, అందుకే ఆ రేటు.

ఇప్పుడు రోడ్డు సంగతి చూడండి. మాంచెస్టర్ నుంచి డోవర్ దాదాపు 280 మైళ్లు, అందులోనూ లండన్ చుట్టూ ఉండే ఎమ్25 మీదుగా వెళ్లాలి, శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పోర్ట్స్‌మత్ దాదాపు 240 మైళ్లు. అసలు తేడా సముద్రం దాటాక తెలుస్తుంది. కాలే నుంచి లా రొషెల్ దాదాపు 700 కిలోమీటర్లు, కాన్ నుంచైతే 430 దాకా. అంటే కాలే మీదుగా అయితే వెళ్లేటప్పుడు ఓ 270 కిలోమీటర్లు అదనం, వచ్చేటప్పుడు ఇంకో 270, అదీ వెనకాల కారవాన్ లాక్కుంటూ. బండి ఒంటరిగా వెళ్లినప్పుడు ఇచ్చే మైలేజీ కారవాన్ తగిలించాక ఇవ్వదు, బాగా పడిపోతుంది. పైగా ఫ్రాన్స్ టోల్ గేట్ల దగ్గర ఎత్తు చూస్తారు. రెండు మీటర్ల లోపు ఉంటే ఒకటో క్లాసు, రెండు దాటి మూడు మీటర్ల లోపు అయితే రెండో క్లాసు. కారవాన్‌లు చాలామటుకు రెండు మీటర్లు దాటే ఉంటాయి, కాబట్టి మామూలు కారుకన్నా ఎక్కువే కడతారు.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. మాంచెస్టర్ నుంచి డోవర్ దాకా నడిపి, ఓడ దిగి, మళ్లీ 700 కిలోమీటర్లు ఒకే ఊపున పోవడం పిల్లలున్న ఇంట్లో అయ్యే పని కాదు, క్షేమం కూడా కాదు. దారిలో ఒక రాత్రి ఆగాలి, తిరుగు ప్రయాణంలో ఇంకో రాత్రి. ఆ రెండు రాత్రుల క్యాంప్‌సైట్ అద్దె, బయట తిండి, సెలవుల్లోంచి పోయిన సమయం కూడా కాగితం మీద వేయండి. పోర్ట్స్‌మత్ నుంచి కాన్‌కి రాత్రి ఓడ ఉంది. నలుగురికీ ఒక క్యాబిన్ తీసుకుంటే పిల్లలు మంచాల మీద నిద్రపోతారు, తెల్లారేసరికి విస్త్రామ్ రేవులో దిగుతారు (టికెట్ మీద కాన్ అనే ఉంటుంది కానీ ఓడ ఆగేది ఆ ఊరికి పక్కనున్న ఈ రేవులో), సాయంత్రానికల్లా లా రొషెల్‌లో ఉంటారు.

మీ విషయంలో నా మాట పోర్ట్స్‌మతే. మొత్తం లెక్క వేశాక కూడా అది కాస్త ఎక్కువే తేలితే, ఆ కాస్తా పెట్టదగ్గ ఖర్చే, ఎందుకంటే కొత్తగా కారవాన్ లాగుతున్నవాళ్లకి రోడ్డు మీద గంటలు ఎంత తగ్గితే అంత మంచిది. అదే మీరు పారిస్ వైపో బెల్జియమో వెళ్తుంటే డోవరే తీసుకోమనేవాణ్ణి. డోవర్ నుంచి డంకర్క్ ఓడ కూడా చూడమనేవాణ్ణి, రెండు గంటల ప్రయాణం, ఒక్కోసారి కాలే కన్నా తక్కువకే వస్తుంది. నెదర్లాండ్స్, జర్మనీ అయితే మాంచెస్టర్‌వాళ్లు డోవర్ మొహం చూడాల్సిన పనే లేదు, వంద మైళ్ల లోపే హల్ రేవు ఉంది, రాత్రి ఓడ ఎక్కితే పొద్దున్నకి రాటర్‌డామ్. అందులో క్యాబిన్ తప్పనిసరి, కాబట్టి రేట్లు పోల్చేటప్పుడు క్యాబిన్‌తో కలిపే చూసుకోండి.

తేదీల మాట. కారవాన్‌లు పట్టేంత ఎత్తుండే డెక్‌లు ఓడలో పరిమితం, ఆ చోటు కోసం లారీలు కూడా పోటీకి వస్తాయి. కార్లకి చోటున్నా కారవాన్‌కి చోటు అయిపోయిందనడం, ఉన్నా రేటు పెంచేయడం ఆగస్టులో మామూలే. శనివారం పగటి ఓడ అన్నిటికన్నా ఖరీదు. మంగళ, బుధవారాల్లో, తెల్లవారుజామునో అర్ధరాత్రో బయల్దేరే ఓడలు చూడండి, రానూపోనూ కలిపి ఒకసారి, విడివిడిగా రెండు టికెట్లుగా ఒకసారి. వెళ్లిన దారినే రావాలని కూడా లేదు, వచ్చేటప్పుడు దియెప్ నుంచి న్యూహేవెన్‌కి నాలుగు గంటల ఓడ చవగ్గా దొరికితే అలా రావచ్చు. కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్బు, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్బు అని రెండు పాత సంస్థలున్నాయి (మొదటిది 1907 నాటిది, రెండోది 1901 నాటిది), సభ్యులకి ఫెర్రీ బుకింగులు చేసిపెడతాయి. అదే రోజు, అదే ఓడ, అవే కొలతలు ఇచ్చి క్లబ్బు రేటూ కంపెనీ రేటూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కోసారి ఆ ఒక్క ట్రిప్పులోనే సభ్యత్వం డబ్బు తిరిగొస్తుంది.

ప్రశ్న: పోయినేడాది పోర్టులో చెకిన్ దగ్గర మా బండి కొలిచి, బుకింగ్‌లో మేం చెప్పిన పొడవు కన్నా ఎక్కువుందని అదనంగా కట్టించుకున్నారు. కారవాన్ బ్రోషర్‌లో ఉన్న కొలతే ఇచ్చాం కదా, ఎక్కడ తేడా వచ్చింది? (ఒక పాఠకుడు, లెస్టర్)

జవాబు: బ్రోషర్‌లో రెండుమూడు పొడవులుంటాయండీ. లోపలి గది పొడవు ఒకటి, బయటి బాడీ పొడవు ఒకటి, ముందు కారుకి తగిలించే ఇనప చట్రంతో కలిపి మొత్తం పొడవు ఒకటి. ఓడవాళ్లకి కావాల్సింది ఈ మూడోది. బాడీ పొడవుకీ దీనికీ మీటరుకు పైనే తేడా ఉంటుంది, మీ దగ్గర కట్టించుకున్నది బహుశా దాని గురించే. బ్రోషర్‌ని నమ్ముకోకుండా కారవాన్‌ని కారుకి తగిలించి, ఇంటి ముందు రోడ్డు మీద తిన్నగా నిలబెట్టి, కారు ముందు బంపర్ నుంచి కారవాన్ వెనక చివరిదాకా టేపుతో కొలవండి. టేపు రెండో కొస పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి. వెనక సైకిళ్ల ర్యాక్ ఉంటే సైకిళ్లు ఎక్కించాకే కొలవాలి. ఎత్తు కూడా అంతే, పైన టీవీ యాంటెన్నా, ఏసీ పెట్టె లాంటివి ఉంటే వాటి కొన దాకా. బుకింగ్‌లో కారు పొడవు, కారవాన్ పొడవు విడిగా అడిగితే విడిగా ఇచ్చి, రెండూ కూడితే మీ టేపు లెక్కకి తగ్గకుండా చూసుకోండి. పది సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే నష్టం లేదు కానీ, ఆ పదితో రేటు పై మెట్టుకి వెళ్తోందేమో మాత్రం చూసి రాయండి.

ప్రశ్న: మా అమ్మగారు రాజమండ్రి నుంచి వచ్చి మాతో కారవాన్‌లో ఫ్రాన్స్ వస్తారు. మా అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. నాన్-రిఫండబుల్ టికెట్ బాగా తక్కువకి ఉంది, తీసేసుకోవచ్చా? ఆవిడ నెయ్యి, పచ్చళ్లు తెస్తున్నారు, కారవాన్‌లో పెట్టుకోవచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: వద్దండీ, ఆ టికెట్ వద్దు. మీకు బ్రిటన్‌లో ఉండే అనుమతి ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టు మీద ఫ్రాన్స్‌లో అడుగుపెట్టాలంటే షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) కావాల్సిందే. పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45. అది చేతికి రాకముందే డబ్బు తిరిగిరాని టికెట్ కొంటే, వీసా ఆలస్యమైనా రాకపోయినా మొత్తం పోతుంది. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొంచెం ఖరీదైనా మీకు అదే చవక. అమ్మగారి షెంగెన్ వీసా ఆవిడ బయల్దేరకముందే ఇండియాలోనే తీసుకోండి, మామూలుగా ఎవరు ఏ దేశంలో నివాసం ఉంటే అక్కడే దరఖాస్తు పెట్టాలి. డోవర్ నుంచి వెళ్తే ఫ్రెంచ్ పోలీసులు పాస్‌పోర్టులు డోవర్‌లోనే చూస్తారు, వీసా లేకపోతే ఓడ దాకా కూడా పోనివ్వరు.

నెయ్యి కుదరదు. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వరు. నెయ్యి, పెరుగు, పనీర్, మటన్ పచ్చడి ఇంట్లోనే ఉంచేయండి. పచ్చి కూరగాయలు, కరివేపాకు కూడా వద్దు. సీసాలో మూత బిగించిన ఆవకాయ, గోంగూర పచ్చడి తీసుకెళ్లొచ్చు. నెయ్యి కావాలంటే అక్కడి సూపర్‌మార్కెట్‌లో ఉప్పులేని వెన్న కొని కారవాన్ స్టవ్ మీద కాచుకోండి, ఫ్రాన్స్ వెన్న చాలా బాగుంటుంది, అమ్మగారికి కూడా నచ్చుతుంది.

ప్రశ్న: ఓడలో డబ్బు దండగ ఎందుకని క్యాబిన్ బదులు మన కారవాన్‌లోనే పడుకోవచ్చా? (ఒక పాఠకుడు, కోవెంట్రీ)

జవాబు: కుదరదండీ. ఓడ కదిలాక బండ్ల డెక్‌కి తాళం వేస్తారు, ఎవర్నీ ఉండనివ్వరు. కారవాన్ గ్యాస్ సిలిండర్ వాల్వు పూర్తిగా కట్టేసి, కారు అలారం ఆపేసి (ఓడ ఊగితే అది మోగుతూనే ఉంటుంది), రాత్రికి కావాల్సిన బట్టలు, మందులు, పిల్లల పాలు ఒక చిన్న సంచిలో పట్టుకుని పైకి వెళ్లాలి. రాత్రి ఓడల్లో కొన్నిటిలో క్యాబిన్ కన్నా తక్కువకి వాలు కుర్చీలు దొరుకుతాయి. ఒక్కరే అయితే సరే కానీ, పొద్దున దిగగానే కారవాన్ లాగాల్సిన డ్రైవర్‌కి మాత్రం క్యాబిన్ ఇప్పించండి.