ప్యానెల్ మీద వోల్టేజీ ఎంతుందో ముందు అడగండి

మీ ఊరి పాత 33/11 కేవీ సబ్‌స్టేషన్ తీసేసి కొత్తది పెడుతున్నారు, దాంతో లో వోల్టేజీ పోతుందా, పని నడిచినన్ని రోజులు కరెంటు ఉండదా అని అడిగారు. దేవరకొండ వైపు ఇట్లాంటి సబ్‌స్టేషన్‌లోనే నేను షిఫ్ట్ ఆపరేటర్‌ని. మాది మార్చినప్పుడు మొదటి నుంచి చివరిదాకా అక్కడే ఉన్నాను.

లో వోల్టేజీ సగం పోతుంది. మిగతా సగం మీ ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాడ, మీ వాడ తీగల మీద ఉంటుంది.

మా దగ్గర 3.15 ఎంవీఏ కెపాసిటీ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు ఉండేవి. ఒక్కోటి 11 కేవీ వైపు 165 ఆంపియర్ల వరకే మొయ్యాలి. పెట్టిన రోజుల్లో సరిపోయాయి. తర్వాత బత్తాయి తోటలు పెరిగాయి, తోటకు రెండు మూడు బోర్లు పడ్డాయి. వ్యవసాయానికి వంతులవారీగా ఇచ్చినన్నాళ్లూ కొన్ని ఫీడర్లు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు పోయే 11 కేవీ లైన్లు, ఆగి ఉండేవి కాబట్టి నెట్టుకొచ్చాం. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. యాసంగిలో అమ్మీటర్ ముల్లు 165 మీదే కూర్చునేది. ఎండాకాలం మధ్యాహ్నం రేడియేటర్ల మీద పైపుతో నీళ్లు కొట్టేవాళ్లం. ట్రాన్స్‌ఫార్మర్ గాలి పీల్చే బ్రీదర్‌లో సిలికా జెల్ నీలంగా ఉండాలి, తేమ పీలిస్తే గులాబీ రంగుకు తిరుగుతుంది. మాది ఎప్పుడు చూసినా గులాబీయే!

వోల్టేజీ కన్నా నన్ను భయపెట్టింది పాత ఆయిల్ బ్రేకర్లు, అంటే లైన్‌లో తేడా వస్తే కరెంటు తెంపే స్విచ్‌లు. ఒక ఫీడర్ మీద చెట్టు కొమ్మ పడితే ఆ ఫీడర్ ఒక్కటే ట్రిప్ కావాలి. దాని బ్రేకర్ టైముకు తెరుచుకోకపోతే వెనకున్న ఇన్‌కమర్, అంటే ఫీడర్లన్నిటికీ కలిపి ఉన్న మెయిన్ బ్రేకర్, పడిపోతుంది. కొమ్మ పడింది ఒక ఊళ్లో, చీకటి ఐదు ఊళ్లలో. ఇక ఫోన్లు, తిట్లు. వాక్యూమ్ బ్రేకర్లు, తేడా కనిపెట్టి వాటిని తెరిపించే కొత్త రిలేలు వచ్చాక ఆ బాధ దాదాపు తీరింది. కొత్త సబ్‌స్టేషన్ వల్ల జనానికి నిజంగా కలిగే మేలు ఇదే అంటాను, కాకపోతే ఎవరికీ కనపడదు.

కరెంటు కోత గురించి మరీ కంగారు పడకండి. కొత్త 8 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని పాతదాని పక్కనే దిమ్మె కట్టి దించారు. నూనె ఫిల్టర్ చేయడం, టెస్టులు, లోడ్ లేకుండా ఒక రోజు చార్జి చేసి ఉంచడం, ఇదంతా పాతది నడుస్తుండగానే అయిపోయింది. తర్వాత ఒక్కో ఫీడర్‌కు ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకొని నాలుగైదు గంటల్లో కొత్త బ్రేకర్ మీదికి మార్చారు. 33 కేవీ బస్, అంటే వచ్చే కరెంటును అందరికీ పంచే మెయిన్ కడ్డీలు, మార్చిన రోజు మాత్రం పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా లేదు. ఆ రోజు కూడా తాగునీటి మోటర్లకు పక్క సబ్‌స్టేషన్ నుంచి ఇచ్చారు.

ఆ సాయంత్రం కరెంటు ఇస్తే నిలబడలేదు. బ్రేకర్ వేయగానే ముల్లు ఒక్కసారి ఆ చివరికి కొట్టుకొని ట్రిప్. రెండోసారీ అంతే. తప్పు కొత్తదానిది కాదు, కరెంటు రాగానే బోరు మోటర్‌ను దానంతటదే లేపే ఆటో స్టార్టర్లది. కరెంటు వచ్చిన క్షణంలోనే వందల మోటర్లు కలిసి లేస్తే ఏది తట్టుకుంటుంది? లైన్‌మన్లు బావుల కాడికి పోయి కొన్ని ఫ్యూజులు తీయించాక మూడోసారికి నిలబడింది. మీవాళ్లకు ఈ మాట ముందే చెప్పి పెట్టండి.

ఇక లో వోల్టేజీ. దామరచర్ల కాడ 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు పెట్టుకొని మన జిల్లాలో ఇదేందని మా ఊళ్లో నన్నే నిలదీస్తారు. ప్లాంటు పక్కనున్నా, అక్కడి కరెంటు 400 కేవీలో పోయి, మెట్లు దిగుతూ 33కి, 11కి వచ్చి మనింటికి చేరాలి. మీరు చేయాల్సింది ఒకటే. సాయంత్రం ఇంట్లో వోల్టేజీ తగ్గినప్పుడు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి, మీటర్లుండే ప్యానెల్ మీద 11 కేవీ ఎంత చూపిస్తుందో అడగండి. 11 ఉంటే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు 250 వోల్టులు ఇవ్వగలదు. 9.5 ఉంటే అక్కడే 216కి దిగిపోతుంది, ఇంటికొచ్చేసరికి ఇంకా తక్కువ. రెండోదైతే కొత్త సబ్‌స్టేషన్‌తో మీకు లాభం. ప్యానెల్ మీద 11 ఉండి ఇంట్లో 170 ఉంటే మాత్రం రోగం వేరే చోటుంది. ఫీడర్ పొడుగు ఎక్కువైందా, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ మించిందా, వాడలో తీగ సన్నదా చూడాలి. పని నడుస్తున్నప్పుడే పొడుగు ఫీడర్‌ను రెండుగా చీల్చమని ఊరంతా కలిసి రాసివ్వండి. కాంట్రాక్టర్ సామాను ఎత్తేశాక అడిగితే కొత్త ఎస్టిమేట్ అంటారు.

మా ఇల్లు లైన్ చివర్లో ఉంది. కొత్తది చార్జి చేసిన రోజు నేనే ప్యానెల్ మీద 11 చూసి సంబరపడి ఇంటికి పోతే మీటర్‌లో 180. మా వాడ తీగ మార్చేదాకా ఇంకో ఏడాదిన్నర అదే 180, మా ఆవిడ మిక్సీ పొద్దున ఐదింటికే వేసుకునేది.