గామా కిరణాల వెంట పడితే జీతం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అనకాపల్లిలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. గామా రే బరస్ట్‌ల ఆఫ్టర్‌గ్లో మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మేం బీఈడీ చెయ్యమంటున్నాం. అందులో భవిష్యత్తు ఉందా? ఒక ప్రైవేటు సంస్థ స్పేస్ సైన్స్ డిప్లొమాకి 2 లక్షలు అడుగుతోంది, కట్టమంటారా?

జవాబు: ముందు ఆ పనేమిటో చెబుతానండీ, ఉద్యోగం సంగతి అందులోంచే తేలుతుంది. భారీ నక్షత్రం కుప్పకూలినప్పుడు దాదాపు కాంతివేగంతో ఒక జెట్, అంటే సన్నటి ధార, బయటికి చిమ్ముతుంది. దాన్నుంచి వచ్చే గామా కిరణాల మెరుపే గామా రే బరస్ట్. ఆ మెరుపు మామూలుగా సెకన్లలోనో, నిమిషాల్లోనో అయిపోతుంది. ఆ జెట్ చుట్టూ ఉన్న వాయువును గుద్దుకున్నాక ఎక్స్‌రేల్లో, మామూలు వెలుగులో, రేడియోలో మిగిలేదే ఆఫ్టర్‌గ్లో. బరస్ట్ అయిన గంటకి కనిపించిన వెలుగు, పది గంటలు గడిచేసరికి దాదాపు పదో వంతుకి పడిపోతుంది. అందుకే బరస్ట్‌ను పట్టిన శాటిలైట్ నుంచి కబురు రాగానే ఎక్కడ రాత్రయితే అక్కడి టెలిస్కోపు అటు తిరగాలి. చిలీలో తెల్లవారాక మన వంతు. లద్దాఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల గ్రోత్ టెలిస్కోపు ఉన్నది ఇలాంటి పనులకే. రేడియోలో వెలుగు నెలల తరబడి ఉంటుంది, దానికి పుణె దగ్గర జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది.

2022 అక్టోబర్ 9న వచ్చిన బరస్ట్‌ను మొదట స్విఫ్ట్ శాటిలైట్ వాళ్లు మన పాలపుంతలోదే అనుకున్నారు. తీరా చూస్తే ఆ వెలుగు 190 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చింది! ఆ దూరం తేల్చింది ఆఫ్టర్‌గ్లో స్పెక్ట్రమే, అంటే దాని వెలుగును రంగులుగా విడదీసి చూడటమే. మీ అమ్మాయికి పట్టుకున్న పిచ్చి ఇదే, తప్పు పట్టలేం.

ఇక దారి. డిగ్రీ కాగానే ఐఐటీ జామ్ రాసి మంచి చోట ఎమ్మెస్సీ, ఆ తర్వాత జెస్ట్ లేదా నెట్ రాసి బెంగళూరు ఐఐఏ, పుణె ఐయూకా, నైనిటాల్ ఏరీస్ లాంటి ఖగోళ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ. జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, ఇంటద్దె అదనం. అంటే పీహెచ్‌డీకి మీరు డబ్బు పెట్టక్కర్లేదు. కానీ దాచడం దేనికి, పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, అదీ చాలామందికి విదేశాల్లోనే. పర్మనెంట్ పోస్టులు తక్కువ. ముప్పై దాటినా స్థిరపడకపోవడం ఇక్కడ మామూలు. ఇంట్లో అందుకు ఒప్పుకుంటారా అన్నది మీరే తేల్చుకోవాలి. మధ్యలో బయటికొస్తే మాత్రం చేతిలో పైథాన్ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ ఉంటాయి. డేటా ఉద్యోగాలకి అవి పనికొస్తాయి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చెయ్యొచ్చు.

అమ్మాయికి ఇది నిజంగా సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. స్విఫ్ట్ కొలిచిన ఎక్స్‌రే వెలుగు అంకెలను లెస్టర్ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. ఆ 2022 బరస్ట్‌ది దించుకుని, సమయం, వెలుగు రెండూ లాగ్ స్కేలులో పెట్టి గ్రాఫ్ గీసి, వాలు ఎంతో కట్టమనండి. ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీతలు) ఎందుకున్నాయని తనంతట తనే వెతుక్కుంటే ముందుకి పంపండి. రెండు రోజులకే విసుగొస్తే, తనకి నచ్చింది ఆకాశం ఫొటోలు, ఈ పని కాదు. ఈ పనిలో ఎక్కువ రోజులు గడిచేది టెలిస్కోపు దగ్గర కాదండీ, కోడ్ ముందు.

డిప్లొమాకి మాత్రం కట్టకండి. నేను చెప్పిన ఏ ప్రవేశ పరీక్షలోనూ దాన్ని అడగరు. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి, జామ్ పాత పేపర్లు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టమనండి.