క్వయర్ అంగీలు, అయ్యగారి క్యాసక్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా సంఘం క్వయర్‌లో (పాటల బృందంలో) 24 మందిమి ఉన్నాం. అందులో 15 మంది ఆడవాళ్లు, అందరూ చీరలే కడతారు. క్రిస్మస్‌కి కొత్త అంగీలు కుట్టించాలని కమిటీ అనుకుంది. మెరూన్ శాటిన్ అయితే నిండుగా ఉంటుందని కొందరు, తెల్ల కాటన్ మేలని కొందరు అంటున్నారు. ఎంత గుడ్డ తీసుకోవాలి? కొలతలు ఎలా ఇవ్వాలి?
– క్వయర్ నాయకురాలు, తెనాలి

జవాబు: శాటిన్ వద్దండి. క్వయర్‌కు అందుబాటు ధరలో దొరికేది పాలిస్టర్ శాటినే. అది చెమట పీల్చదు, గాలి ఆడనివ్వదు, చంకల దగ్గర తడిస్తే ముదురు మచ్చ దూరానికి కూడా కనిపిస్తుంది. గాజు గీసుకుంటే చాలు పోగు లేస్తుంది, మళ్లీ సర్దుకోదు. సింథటిక్ చీర మీద వేసుకుంటే రెండూ అంటుకుపోతాయి కూడా.

పూర్తి కాటన్ చల్లగా ఉంటుంది కానీ ఒక్కసారి కూర్చుని లేస్తే నలిగిపోతుంది. ప్రతి ఆరాధనకూ 24 అంగీలు ఇస్త్రీ చేయించే ఓపిక సంఘానికి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. లేదంటే టెరికాట్ తీసుకోండి. మామూలుగా దొరికేది 67 పాళ్లు పాలిస్టర్, 33 పాళ్లు కాటన్ కలిసినది. కాటన్ పాలు ఇంకా ఎక్కువున్న రకం దొరికితే మా ఓటు దానికే. చదరపు మీటరుకు 120–150 గ్రాముల బరువుంటే చాలు. తెలుపు ఎంచుకుంటే గుడ్డను ముదురు రంగు పూల చీర మీద పరిచి చూడండి. పూలు కనిపిస్తే ఆ గుడ్డ మీకు పనికిరాదు.

భుజం దగ్గర పట్టీ, దాని కింద కుచ్చిళ్లు, గంట ఆకారపు చేతులు ఉన్న అంగీకి 58 అంగుళాల పన్నాలో మూడున్నర మీటర్లు, 44 పన్నాలో నాలుగున్నర మీటర్లు పడుతుంది. 58 పన్నా లెక్కన 24 మందికి 84 మీటర్లు. రెండు అంగీల గుడ్డ అదనంగా కలిపి 91 మీటర్లు ఒకేసారి తీసుకోండి. అన్ని తానులూ ఒకే అద్దకపు లాట్‌వి కావాలని గట్టిగా అడగండి, బిల్లు కట్టే ముందే పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొట్లో ట్యూబ్‌లైటు కింద ఒకటే అనిపించిన రంగు గుడి వాకిట్లో రెండుగా తేలుతుంది. వచ్చే ఏడు కొత్తగా చేరినవాళ్లకు అదే రంగు కావాలంటే దొరకదు, అదనపు గుడ్డ అందుకే.

కత్తెర పెట్టేముందు అర మీటరు ముక్క మీద సరిగ్గా 50 సెం.మీ. చదరం గీసి, ఉతికి, ఆరేసి, మళ్లీ కొలవండి. 48 సెం.మీ.కు వచ్చిందంటే 4 శాతం ముడుచుకున్నట్టు. 140 సెం.మీ. అంగీ మీద అది 5.6 సెం.మీ., అంటే రెండు అంగుళాల పైమాటే. అలాంటి గుడ్డ అయితే మొత్తం తడిపి ఆరేశాకే దర్జీకి ఇవ్వాలి. లైనింగ్ గుడ్డకూ ఇదే పద్ధతి. పైది ముడుచుకుని లోపలిది ముడుచుకోకపోతే అంచులు మెలితిరుగుతాయి.

ఛాతీ కొలత చీర కట్టుకుని, పవిట వేసుకునే ఇవ్వాలి. దానికి 10–12 అంగుళాలు వదులు కలపమనండి. పొడవు విషయంలో చాలామంది దర్జీలు మెడ నుంచి మాత్రమే కొలుస్తారు. అది కుట్టడానికి సరిపోతుంది, వరుసలో నిలబడ్డప్పుడు సరిపోదు. అందరి అంచూ నేల నుంచి ఒకే ఎత్తులో, ఉదాహరణకు 8 అంగుళాల్లో ఉండాలి. అందుకని కింది మడత కచ్చా కుట్టుతో వదిలేయించి, అందరినీ వరుసగా నిలబెట్టి, కర్ర స్కేలుతో నేల నుంచి గుర్తు పెట్టి, అప్పుడు కుట్టించండి. గుడిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లయితే వట్టి కాళ్లతోనే కొలవాలి. మడతలో 3 అంగుళాల గుడ్డ దాచమనండి. పిల్లలు ఎదుగుతారు, మనుషులు మారతారు. మెడ వెనక పేరు కాకుండా నంబరు పట్టీ కుట్టించడం కూడా ఇందుకే.

చేతుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. క్రిస్మస్ ముందురాత్రి కొవ్వొత్తులు పట్టుకుని పాడే క్వయర్‌కు వేలాడే చేతులు ప్రమాదం. కాటన్ అంటుకుని మండుతుంది, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చేతి అంచు వెడల్పు, బల్ల మీద పరిచి కొలిస్తే, 9 అంగుళాలు దాటనివ్వకండి.

ప్రశ్న: వచ్చే నెల సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ప్రెస్బిటర్‌గా, అంటే పాస్టర్‌గా, అభిషేకం పొందబోతున్నాను. ఏమేం కొనాలి? స్టోల్‌లు (మెడలో వేసుకునే పొడవాటి పట్టీలు) ఒకేసారి అన్ని రంగులూ కొనాలా?
– కర్నూలు జిల్లా

జవాబు: ముందు మీ బిషప్ గారి కార్యాలయంలో అడగండి. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలూ, అంతకుముందే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వారు కలిసి ఏర్పరచుకున్న సౌత్ ఇండియా యునైటెడ్ చర్చీ ఏకమై సి.ఎస్.ఐ. అయింది. అందుకే ఒక చోటి అలవాటు ఇంకో చోట ఉండదు. ఒక చోట క్యాసక్ (పాదాల దాకా ఉండే నిలువు అంగీ) మీద సర్‌ప్లిస్ (వదులుగా ఉండే తెల్ల పైఅంగీ) వేస్తారు, ఇంకో చోట తెల్ల క్యాసక్, స్టోల్ చాలు.

క్యాసక్‌లు రెండు తప్పనిసరి. ఒకటి ఉతుకులో ఉండగానే భూస్థాపన పిలుపు వస్తుంది. 58 పన్నాలో ఒక్కోదానికి మూడున్నర నుంచి మూడు ముప్పావు మీటర్లు. అంచు నేలకు 2 అంగుళాలు పైన ఉండాలి. అంతకన్నా దిగితే బలిపీఠం మెట్లెక్కేటప్పుడు, మోకరించి లేచేటప్పుడు కాలి కింద పడి కుట్టు తెగుతుంది. కింద వెనకవైపు లోపలికి ఒక మడత పెట్టిస్తే అడుగు బారుగా పడుతుంది. కాలర్‌లో అతికించే ఫ్యూజింగ్ కాకుండా కుట్టే కాన్వాస్ అడగండి. ఫ్యూజింగ్ జిగురు వేడినీళ్ల ఉతుకులకు ఊడి బుడగలు లేస్తుంది, ఇక ఏ ఇస్త్రీకీ సాపు కాదు.

స్టోల్‌ల విషయంలో అందరూ తెలుపు మీద జరీ పని చేయించి, ఆకుపచ్చదాన్ని చవకలో ముగిస్తారు. ఇది తలకిందుల లెక్క. క్రిస్మస్ ముందటి ఆగమన కాలానికీ ఈస్టర్ ముందటి శ్రమకాలానికీ ఊదా, క్రిస్మస్, ఈస్టర్‌లకు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు పోగా, సంవత్సరంలో సగానికి పైగా ఆదివారాలు మెడలో ఉండేది పచ్చదే. మంచి గుడ్డ దానికి పెట్టండి. రంగు నిలుస్తుందో లేదో కొట్లోనే చూడవచ్చు: తడి తెల్ల రుమాలును ఎంబ్రాయిడరీ వెనకవైపు నిమిషం అదిమి పట్టండి. ఎరుపు, ఊదా దారాలు దిగితే అక్కడే తెలుస్తుంది. తర్వాత ఉప్పునీళ్లలో నానబెడితే నిలుస్తుందన్న మాటను నమ్ముకోవద్దు.

ప్రశ్న: అయ్యగారి తెల్ల క్యాసక్ మెడ, చంకలు పసుపెక్కాయి. బ్లీచ్ వేస్తే ఇంకా పసుపైంది. ఎందుకని?
– ఖమ్మం

జవాబు: క్లోరిన్ బ్లీచ్ చెమటలోని మాంసకృత్తులతో కలిసి పసుపును పెంచుతుంది. గుడ్డకు తెల్లదనం ఇచ్చే మెరుపు రసాయనాన్ని కూడా తినేస్తుంది. అందుకే చెమట మచ్చకు అది ఎప్పుడూ వాడకూడదు. ముందు క్యాసక్‌ను రెండు మూడు నీళ్లలో జాడించి బ్లీచ్ పూర్తిగా పోగొట్టండి. ఆ బ్లీచ్ మీద నిమ్మరసం, వెనిగర్, యాసిడ్ పోయకండి, విషవాయువు వస్తుంది. తర్వాత మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో వంటసోడా కలిపి ముద్దగా చేసి, మచ్చ మీద పట్టించి, అరగంట ఉంచి ఉతకండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయండి. నీలం మందు మచ్చను పోగొట్టదు, కాసేపు కప్పుతుంది, ఎక్కువైతే చారలు కడుతుంది.

ఇకముందు లోపల చేతుల కాటన్ బనియన్ వేసుకోవాలి. ఆరాధన అయిన రోజే, సబ్బు అక్కర్లేదు, వట్టి నీళ్లలో ముంచి ఆరేయాలి. ఎండిన చెమటే మచ్చ అవుతుంది. ఇస్త్రీ బండి మీదికి టెరికాట్ ఇచ్చేటప్పుడు పైన తడి కాటన్ గుడ్డ వేసి తోమమని చెప్పండి. బొగ్గుల పెట్టె వేడి మన చేతిలో ఉండదు, పాలిస్టర్ కొద్దిగా కరిగి నిగనిగలాడే మచ్చలు పడతాయి, అవి పోవు.

ప్రశ్న: మైనం, ద్రాక్షారసం మరకలు ఎలా తీయాలి? మాది కతోలిక దేవాలయం.
– వస్త్రాలు చూసుకునే సిస్టర్, విజయవాడ

జవాబు: మైనం వేడిగా ఉండగా తుడవకండి, గుడ్డలోకి ఇంకుతుంది. ప్లాస్టిక్ సంచిలో ఐసు పెట్టి గట్టిపడనిచ్చి, చెంచా వెనకవైపుతో గీకండి. మిగిలినదానికి పైనా కిందా అచ్చులేని కాగితం పెట్టి, తక్కువ వేడిలో ఇస్త్రీ పెట్టె ఆనించి, కాగితం మారుస్తూ పీల్పించండి. వార్తాపత్రిక అయితే సిరా అంటుతుంది. చివర్న మిగిలే జిడ్డుకు గిన్నెలు తోమే ద్రావకం రెండు చుక్కలు, గోరువెచ్చని నీళ్లు.

ద్రాక్షారసానికి వేడి, బిళ్ల సబ్బు రెండూ శత్రువులు, మరకను పట్టించేస్తాయి. పొడి గుడ్డతో అద్ది, మరక వెనకవైపు నుంచి చన్నీళ్లు ధారగా పోయండి. తెల్ల నూలు, నార గుడ్డలకు పెరాక్సైడ్ పనిచేస్తుంది. మరక పూర్తిగా పోకుండా ఇస్త్రీ చేయకండి. ప్యూరిఫికేటర్లు (పాత్ర తుడిచే గుడ్డలు), కార్పొరల్‌ల (బలిపీఠం మీద పాత్ర కింద పరిచే గుడ్డల) మొదటి కడుగునీళ్లు మురుగుకాలవలోకి పోనీయకూడదని మీకు తెలిసిందే: సక్రేరియంలోనో (నీళ్లు నేరుగా భూమిలోకి పోయే తొట్టి), ఎవరూ తొక్కని నేల మీదో పోసి, ఆ తర్వాతే సబ్బు.

ప్రశ్న: వానాకాలంలో బీరువాలో అంగీలు బూజు పడుతున్నాయి, స్టోల్‌ల జరీ నల్లబడుతోంది.
– కాకినాడ

జవాబు: గంజి పెట్టి దాచారేమో చూడండి. గంజి బూజుకూ వెండిపురుగుకూ మేత. నెలల తరబడి దాచేవి గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఆరాక లోపల పెట్టి, వాడే ముందు గంజి పెట్టుకోవాలి. లాండ్రీ ఇచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంటికి రాగానే తీసేయండి, అది తేమను బంధిస్తుంది. పాత కాటన్ దుప్పటితో సంచులు కుట్టించుకోండి. ఇనుప హ్యాంగర్ తుప్పు మరక వేస్తుంది, వెడల్పాటి చెక్కది కావాలి. వానలు తెరిపి ఇచ్చిన రోజున బీరువా తలుపులు తెరిచిపెట్టండి. గోడకూ బీరువాకూ మధ్య బెత్తెడు జాగా ఉండాలి.

చవక జరీలో ఉండేది రాగి తీగ. చెమట, అత్తరు దాన్ని నల్లబరుస్తాయి. వేసుకున్నాక సెంటు కొట్టుకోవద్దు. స్టోల్‌ను మడవకుండా తెల్ల మల్లుగుడ్డతో కలిపి చుట్టి పెట్టండి. కలరా ఉండలు వాడితే గుడ్డ మూటలో కట్టి పై అరలో పెట్టండి, జరీకీ ప్లాస్టిక్ గుండీలకూ తగలకూడదు. సన్మానాల్లో బంతిపూల దండ స్టోల్ మీదే వేయించుకుంటారు. దండ వేసే ముందు స్టోల్ తీసేయడం మంచిది. పుప్పొడి అంటితే తడి చేయకండి, చేత్తో దులపకండి. టేపు ముక్క ఆనించి ఎత్తితే అంటుకుని వచ్చేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో కుట్టించి తెప్పించిన అంగీలు ఇక్కడ డ్రయ్యర్‌లో వేస్తే పొట్టివయ్యాయి.
– తెలుగు సంఘం సభ్యురాలు, డాలస్

జవాబు: ముందుగా తడపని కాటన్ డ్రయ్యర్ వేడికి ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది. మడతలో దాచిన గుడ్డ ఉంటే విప్పించండి, లేకపోతే అదే గుడ్డతో అంచుకు పట్టీ వేయించండి. ఇకనుంచి జిప్పులు, హుక్కులు మూసి, సగం డ్రమ్ము మాత్రమే నింపి, చన్నీళ్లలో జెంటిల్ సైకిల్‌లో ఉతకండి. డ్రయ్యర్‌లో వేయకుండా, తడిగా ఉన్నప్పుడే హ్యాంగర్‌కు వేసి కుచ్చిళ్లు చేత్తో సర్ది ఆరనివ్వండి. టెరికాట్ అయితే ఆపైన ఇస్త్రీ పని చాలా తగ్గుతుంది.