పాత స్కాన్ దొరకాలంటే

చి. శ్రావణికి, పెద్దనాన్న ఆశీస్సులు.

ఒంగోలు సెంటర్లో స్కాన్ల ఆర్కైవ్ బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఎంత సర్వర్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడగమన్నావట. వాటి సంగతి తర్వాత చెప్తాను. పాత స్కాన్ దొరుకుతుందా లేదా అన్నది సర్వర్ గదిలో తేలే విషయం కాదమ్మా. రిజిస్ట్రేషన్ కౌంటర్లో పేరు కొట్టే అర నిమిషంలోనే అది తేలిపోతుంది.

మన వైపు పేర్లు చూడు. పెంచలయ్యలు, మస్తానమ్మలు ఊరికి నలుగురుంటారు. ఉదయగిరి నుంచి వచ్చిన పెంచలయ్యకు పోయిన ఏడు ఇంగ్లీషులో చివర ఐఏహెచ్ పెట్టి ఉంటారు, ఈ ఏడు రెండు వైలు పెడతారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఇంకోసారి ఒట్టి పొడి అక్షరం. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. పోనీ పుట్టినతేదీతో పట్టుకుందామంటే, పల్లెల్లో పెద్దవాళ్ల ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అనే ఉంటుంది. ఇచ్చే ఫోన్ నంబరేమో కొడుకుదో అల్లుడిదో, అదే నంబరు మీద ఇంటిల్లిపాదీ ఉంటారు.

అందుకని ఒక మనిషికి ఎప్పటికీ ఒకే పేషెంట్ ఐడీ. ఈ ఒక్క విషయంలో ఎవరు చెప్పినా సర్దుకుపోవద్దు. "ఇంతకుముందు ఇక్కడ ఏదైనా తీయించుకున్నారా?" అని అడగకుండా కౌంటర్లో కొత్త నంబరు ఇవ్వకూడదు. "లేదమ్మా" అని చెప్పినా వదలొద్దు. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలతో ఒకసారి, ఫోన్ నంబరుతో ఒకసారి వెతకాలి. పేర్లు కలిస్తే తండ్రి పేరో భర్త పేరో, ఊరో అడిగి తేల్చుకోవాలి. పాత కవర్ తెచ్చుకుంటే దాని మీది నంబరే వాడాలి. కౌంటర్ పిల్లలకు ఇది ఎందుకో కూర్చోబెట్టి చెప్పు. ఊరికే రూల్ అంటే రద్దీ రోజున పక్కన పెట్టేస్తారు.

ఆ నంబరు మిషన్ దాకా మారకుండా వెళ్లాలి. స్కాన్ బొమ్మలను వివరాలతో సహా దాచే పద్ధతి పేరు డైకామ్. ఆ ఫైలులో పేషెంట్, ఆ కింద స్టడీ అంటే ఒక పరీక్ష, ఆ కింద సిరీస్ అంటే ఆ పరీక్షలో ఒక వరస బొమ్మలు, ఆ కింద ఒక్కో ఇమేజ్ అని వరసగా ఉంటాయి. పై మెట్టు తప్పితే కిందవన్నీ తప్పినట్టే. కన్సోల్ దగ్గర టెక్నీషియన్ పేరు మళ్లీ టైపు చేసే అవసరం రాకూడదు. వర్క్‌లిస్ట్ పెట్టించు, కౌంటర్లో కొట్టిన వివరాలు నేరుగా మిషన్ మీదికి వస్తాయి. పరీక్షకొక అక్సెషన్ నంబరు కూడా దాంతోపాటే వచ్చేటట్టు చూడు, రిపోర్టునూ ఇమేజ్‌లనూ కలిపేది అదే. పాత అల్ట్రాసౌండ్ మిషన్‌కు వర్క్‌లిస్ట్ లేకపోతే స్లిప్ మీద బార్‌కోడ్ వేయించి స్కానర్‌తో చదివించు.

రాత్రి షిఫ్టు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మీది హైవే పక్క ఊరు. 108లో యాక్సిడెంట్ కేసు వస్తుంది, మనిషికి స్పృహ ఉండదు, పేరు తెలియదు. టెక్నీషియన్ "అన్‌నోన్" అని కొట్టి బ్రెయిన్ సీటీ తీస్తాడు. గంట తర్వాత ఇంకొకరు వస్తే మళ్లీ అన్‌నోన్. ఐడీ కూడా ఒకటే కొడితే ఇద్దరి తలలూ ఒకే ఫోల్డర్లో పడతాయి. ప్రాణాల మీదికి వచ్చే తప్పిది. ముందే నంబర్లు వేసిన తాత్కాలిక ఐడీ స్లిప్పుల కట్ట ఒకటి ఎమర్జెన్సీలో పెట్టు. ఒక్కో మనిషికి ఒక్కో స్లిప్పు, అదే నంబరు చేతి బ్యాండు మీద కూడా. పొద్దున బంధువులు వచ్చాక అసలు ఐడీతో కలపాలి. ఆ మెర్జ్ చేసే అధికారం ఇద్దరికి మించి ఉండకూడదు, ఎవరు ఎప్పుడు కలిపారో రాసి ఉండాలి.

ఇంత పట్టుదల దేనికంటే, స్కాన్ విలువ సగం పాత స్కాన్‌తో పోల్చడంలో ఉంది. చీమకుర్తి క్వారీల్లో ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవాడు దగ్గుతో వస్తాడు. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్, అది ఉన్నవాళ్లకు టీబీ ముప్పు కూడా ఎక్కువ. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే డాక్టర్ మొదట అడిగేది పాత ఫిల్మ్ ఉందా అనే. ఊపిరితిత్తిలో గట్టి గడ్డ రెండేళ్లుగా అదే సైజులో ఉందంటే సాధారణంగా అది క్యాన్సర్ కాదనే ధైర్యం వస్తుంది. ఆ రెండేళ్ల కిందటి సీటీ మన దగ్గరే ఉండి కూడా దొరక్కపోతే, ఆ మనిషికి మళ్లీ స్కాన్, మళ్లీ ఖర్చు, ఇంటిల్లిపాదికీ టెన్షన్.

పరీక్షల పేర్లు కూడా ఒక దారిలో పెట్టు. ఒకరు సీటీ చెస్ట్ అంటారు, ఒకరు సీటీ థొరాక్స్ అంటారు, వెతికేటప్పుడు సగమే వస్తాయి. రేడియాలజిస్టును కూర్చోబెట్టుకుని ఒక జాబితా ఖాయం చేసి అన్ని మిషన్లలో అవే పేర్లు ఎక్కించు. మిషన్ల గడియారాలు కూడా వారానికోసారి చూడాలి. తేదీ వెనక్కి పోయిన మిషన్ తీసిన స్కాన్లు పాతవాటిలో కలిసిపోయి కనిపించకుండా పోతాయి.

ఇక సర్వర్ లెక్క. సీటీలో ఒక స్లైసు, అంటే ఒక్కో అడ్డకోత బొమ్మ, 512 గడులు నిలువు, 512 అడ్డం, గడికి రెండు బైట్లు, అంటే సుమారు అర ఎంబీ. 400 స్లైసుల పరీక్షకు 200 ఎంబీ. రోజుకు ఇరవై తీస్తే 4 జీబీ, ఏడాదికి ఒక టెరాబైటు దాటుతుంది. నాణ్యత పోని లాస్‌లెస్ కంప్రెషన్‌తో అది సగానికి పైగా తగ్గుతుంది. చిన్న సెంటర్‌కు ఆర్థాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బెల్జియంలో పుట్టింది, ముందు దాంతో నేర్చుకో.

సర్వర్ కింది అంతస్తులో వద్దు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రోడ్డూ రైలూ ఆగిపోయాయి కదా. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి, ఒకటి నెట్‌వర్క్ నుంచి విడదీసి ఉండాలి. 2022లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే అంత పెద్ద ఆస్పత్రే రోజుల తరబడి కాగితాల మీద పని నడపాల్సి వచ్చింది. నెలకోసారి బ్యాకప్ నుంచి ఒక పాత స్టడీ వెనక్కి తెచ్చి తెరిచి చూడు. తెరుచుకోని బ్యాకప్‌ను ఉన్నట్టు లెక్కేసుకోవద్దు.

ఎన్నాళ్లు ఉంచాలంటే, మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు మూడేళ్లు, అడిగినవాళ్లకు 72 గంటల్లో ఇవ్వాలి. గర్భిణుల అల్ట్రాసౌండ్ రికార్డులు లింగ నిర్ధారణను నిషేధించే పీఎన్‌డీటీ చట్టం కింద రెండేళ్లు. కోర్టు కేసులున్నవి తేలేదాకా ముట్టుకోవద్దు. ఇవి కనీసమే, డిస్కు చోటు ఉన్నంతవరకు ఏదీ చెరపొద్దు అంటాను నేను. వాట్సాప్‌లో ఫొటో పంపేస్తే చాలంటారు కొందరు. అందులో నాణ్యత పోతుంది, పేషెంట్ పేరు ఊరంతా తిరుగుతుంది. ఒప్పుకోవద్దు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ మిషన్లలో ఇప్పుడున్న పరీక్షల పేర్లన్నీ ప్రింటు తీసుకురా. ఇద్దరం కూర్చుని కొట్టేయాల్సినవి కొట్టేద్దాం.

మీ పెద్దనాన్న,
నెల్లూరు