టర్కీ పిల్లలు తెచ్చే ముందు ఇది చదువు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కీసర దగ్గర తీసుకున్న జాగాలో నువ్వు టర్కీ కోళ్లు పెంచబోతున్నావట, ఆషాఢంలోనే యాభై పిల్లలు దింపుతున్నావట. మన ఇంట్లో మళ్లీ పక్షులు పెంచే మనిషి ఒకరు బయలుదేరారని ఎంత సంతోషపడ్డానో! కానీ ఆ తర్వాత అమ్మ ఇంకో మాట చెప్పింది. పగలంతా నువ్వు మాదాపూర్‌లో ఆఫీసులో ఉంటే పిల్లల్ని వాచ్‌మన్ చూసుకుంటాడని. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

వేడి సంగతి నీకు తెలిసే ఉంటుంది. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. బల్బు కిందికి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, దూరంగా పోయి నోళ్లు తెరుచుకుని ఉంటే వేడి ఎక్కువ. కింద రెండు మూడు అంగుళాల మందాన ఊక పరుచు. నీళ్ల గిన్నె లోతు లేనిది పెట్టు, లేకపోతే మునిగి చస్తాయి.

ఇప్పుడు అసలు మాట. టర్కీ పిల్ల కోడిపిల్ల లాంటిది కాదు. కోడిపిల్ల గుడ్డులోంచి వచ్చిన పూటే గింజ ఏరుకుంటుంది. టర్కీ పిల్లకు ఎదురుగా దాణా ఉన్నా అది తిండి అని తెలియదు.

మీ పెదనాన్నకు నాటుకోళ్లలో ఎంత అనుభవమో నీకు తెలుసు. మేము ఘట్‌కేసర్‌లో ఉన్నప్పుడు ఆయన సరదాపడి టర్కీ పిల్లల్ని తెచ్చాడు. గిన్నెల నిండా దాణా, నీళ్లు, పైన బల్బు, ఏ లోటూ లేదు. "కోళ్లను చూసుకున్నట్టే చూసుకుంటే సరిపోతుంది" అని డ్యూటీకి పోయాడు. మూడు రోజులు పిల్లలు బాగానే తిరిగాయి. గిన్నెలో దాణా తగ్గడం లేదేమిటని నేనంటే, చిన్న ప్రాణాలు, ఎంత తింటాయిలే అన్నాడు. నాలుగో రోజు తలలు వాల్చడం మొదలుపెట్టాయి, ఐదో రోజు వరసగా పోయాయి. ఏదో తెగులు తగిలిందనుకుని ఆయన రెండు పిల్లల్ని సంచిలో వేసుకుని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి పట్టుకెళ్లాడు. అక్కడ కోసి చూస్తే తెగులూ లేదు, ఏమీ లేదు. కందనకాయలో ఊక తప్ప ఒక్క గింజ లేదు. పుట్టేటప్పుడు కడుపులో మిగిలిన పచ్చసొనతో మూడు రోజులు నెట్టుకొచ్చాయి, అది అయిపోగానే నిండు గిన్నె పక్కనే ఆకలితో పోయాయి. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఎవరి ఇంట్లోనైనా టర్కీ పిల్లలున్నాయంటే చాలు, చివరిదాకా ఆయన మొదట అడిగింది ఒక్కటే: "తింటున్నాయా? నువ్వు కళ్లతో చూశావా?"

అందుకే నువ్వు మొదటి పది రోజులు ఆఫీసుకు సెలవు పెట్టు. కుదరదంటే పిల్లల్ని తేవడమే మానుకో. కోపం తెచ్చుకోకు, నీ మీద ప్రేమతోనే అంటున్నాను.

దింపిన వెంటనే ఒక్కో పిల్లను చేతిలోకి తీసుకుని ముక్కు నీళ్లలో ముంచు, తర్వాత దాణాలో ముంచు. తల మొత్తం ముంచకు. నీళ్ల గిన్నెలో రంగు గోళీలు వేయి, మెరుస్తుంటే పొడవడానికి వస్తాయి, అలా నోట్లోకి నీళ్లు పోతాయి. లీటరు నీళ్లకు వంద మిల్లీలీటర్ల పాలు కలుపు, పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చిదిమి పెట్టు. పదిహేను రోజులు ఇలా చేయాలి. ఆకుపచ్చ రంగు వాటిని బాగా లాగుతుంది, తోటకూర సన్నగా తరిగి దాణా మీద చల్లు. మొదటి రోజుల్లో ఊక మీద గరుకు అట్ట పరిచి ఉంచు. న్యూస్ పేపర్ వద్దు, జారి కాళ్లు పక్కలకు విచ్చుకుపోతాయి. రాత్రి పడుకోబోయే ముందు ఒక్కో పిల్ల మెడ కింద తడిమి చూడు. దాణా తింటే అక్కడ చిన్న ఉబ్బు తగులుతుంది, ఖాళీగా ఉన్నదాన్ని అక్కడికక్కడే తినిపించు.

దాణా విషయంలో ఒక భయం ఉంది నాకు. టర్కీ పిల్లలకు 28 శాతం ప్రొటీన్ కావాలి, బ్రాయిలర్ దాణాలో అంత ఉండదు. పైగా కొన్నింటిలో సాలినోమైసిన్ అనే మందు కలుపుతారు. కోళ్లకు అది మంచిదే, టర్కీలకు మాత్రం విషం. బస్తా మీద రాసింది చదవకుండా కొనకు.

మీ అత్తమ్మ నాటుకోళ్లు అదే జాగాలో తిరుగుతున్నాయి కదా, వాటి వైపు పిల్లల్ని పోనివ్వకు. కోడి పేగుల్లోని పురుగు గుడ్ల ద్వారా బ్లాక్‌హెడ్ అనే జబ్బు వస్తుంది. కోళ్లు దాన్ని తట్టుకుంటాయి, టర్కీలు తట్టుకోలేవు. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి కోళ్లు తిరిగిన నేలే వద్దు. చెప్పులు కూడా వేరుగా ఉంచుకో. రెట్ట గంధకం రంగులో పసుపుగా కనిపిస్తే ఆలస్యం చేయకుండా నారాయణగూడ పశువుల ఆసుపత్రికి పో.

ముర్గీచౌక్ పక్షుల బజారులో ముచ్చటపడి పిల్లల్ని కొనకు. అక్కడ రకరకాల పక్షులు పక్కపక్కనే ఉంటాయి. గుడ్లు పొదిగించే హేచరీ నుంచి ఒక రోజు వయసు పిల్లల్ని నేరుగా తెప్పించుకో. యాభై వద్దు, ఇరవై చాలు. ఇరవైని చేత్తో తినిపించడం నీ వల్ల అవుతుంది.

ఆషాఢమంటే బోనాలు. డీజే మోతకు పిల్లలు బెదిరి ఒక మూలకు ఎగబడతాయి, కింద పడ్డవి ఊపిరాడక పోతాయి. అందుకని అట్టతో గుండ్రంగా దడి కట్టు, మూల అనేదే ఉండకూడదు. వానకు కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా? లేకపోతే వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి పెట్టు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకు బిడ్డా, దాని గాలి వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. పిల్లలు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు.

పిల్లలు వచ్చే తారీఖు ఖాయం కాగానే ఫోన్ చేయి. మొదటి వారం నేనే వచ్చి ఉంటాను, పిల్లల దడి పక్కన ఒక మంచం వేయిస్తే చాలు. అమ్మ వద్దంటుంది, నా మోకాళ్ల సంగతి ఎత్తుతుంది. ఆమెతో నేను మాట్లాడుకుంటాను. గుడ్లు, తోటకూర నేనే తెస్తాను, నువ్వు గోళీలు కొని ఉంచు.

మీ పెద్దమ్మ